మెయిల్ రాలేదండీ!



"మెయిల్ రాలేదండీ!"

ఏ ఆఫీసులోనైనా కంప్యూటర్ల సంగతి చూసేవాడికి పొద్దున్నే వినపడే మాట ఇది. అకౌంట్స్‌లో పెద్దాయన ఫోన్ చేస్తాడు. "బాబూ, పార్టీ నిన్న సాయంత్రమే పంపానంటున్నాడు. నాకైతే రాలేదు. నీ సర్వర్ పడుకుందేమో, ఒకసారి లేపి చూడు" అంటాడు. సర్వర్ పడుకోలేదు. రాత్రంతా మేలుకునే ఉంది. ఎవరొచ్చి తలుపు తట్టారో, ఎవర్ని లోపలికి రానిచ్చిందో, ఎవర్ని ఎందుకు తిప్పి పంపిందో సెకన్లతో సహా రాసి పెట్టుకుంది. లాగ్ అనే ఆ రాత చదివే తీరికే ఎవరికీ ఉండదు.

వ్యాపార సంస్థల మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. నేను చూసినంతలో సర్వర్ దానంతటది చెడిపోయి జరిగిన నష్టం తక్కువ. అది చెప్పింది చదవకుండా ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేసి తెచ్చిపెట్టిన నష్టమే ఎక్కువ. ఈ పూట చెప్పదలచుకున్నది అదే.

ముందు ఆ "రాలేదు" అన్న మాటను విడదీసి చూడాలి. పార్టీ అసలు పంపనేలేదేమో. పంపానని చెప్పడం పంపడం కంటే సులువు కదా. పంపాడు గానీ అడ్రసులో ఒక అక్షరం తప్పాడేమో. మన సర్వర్ గుమ్మం దాకా వచ్చిందేమో, సర్వర్ వద్దని తిప్పేసిందేమో. లోపలికి వచ్చి స్పామ్ ఫోల్డర్లో కూర్చుందేమో. పెద్దాయనే ఎప్పుడో ఒక రూల్ పెట్టుకుని మరిచిపోతే, ఆ రూల్ దాన్ని తీసుకెళ్లి వేరే ఫోల్డర్లో పడేసిందేమో. వినేవాడికి ఇవన్నీ ఒకే మాట. చూసేవాడికి దేని దారి దానిదే.

అందుకే అనుభవమున్నవాడు సర్వర్ గదికి పరుగెత్తడు. ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి, ఎన్ని గంటలకు అని అడుగుతాడు. ఈ మూడూ చేతిలో ఉంటే లాగ్‌లో వెతకడం పెద్ద పనేం కాదు. "ఎవరి మెయిళ్లూ రావట్లేదండీ" అంటే మాత్రం ఏమీ చెయ్యలేం. ఎవరెవరివి అని గట్టిగా అడిగితే, చాలాసార్లు చివరికి తేలేది ఒక్క పార్టీ, ఒక్క మెయిల్.

మెయిల్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఎలా చేరుతుందో వ్యాపారస్తులకు చెప్పడం తేలికే. లారీ ట్రాన్స్‌పోర్టులో సరుకు వేసినప్పుడు రశీదు ఇస్తారు, మనవాళ్లు ఎల్‌ఆర్ అంటారు. ఎల్‌ఆర్ చేతికిచ్చిన క్షణం నుంచి సరుకు పూచీ ట్రాన్స్‌పోర్టు వాడిది. అంతవరకూ మనది. మెయిల్ సర్వర్ల మధ్య జరిగేదీ ఇదే. పూచీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ పోతుంది, మారిన ప్రతిచోటా ఒక నంబరు పడుతుంది.

ఆ మార్పిడి పద్ధతికి ఎస్‌ఎంటీపీ అని పేరు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాని నియమాలు రాశాడు. 2001లో ఒకసారి, 2008లో ఒకసారి సవరించారు గానీ మాటల వరస మారలేదు. అవతలి సర్వర్ వచ్చి 25వ నంబరు పోర్టు దగ్గర తలుపు తడుతుంది. మన సర్వర్ 220 అంటుంది, అంటే రమ్మని. వచ్చినవాడు తన పేరు చెప్పుకుంటాడు. ఫలానావారి దగ్గర్నుంచి తెచ్చానంటాడు, మనది 250 అంటుంది, సరేనని. ఫలానావారికి ఇవ్వాలంటాడు, మళ్లీ 250. ఇక ఉత్తరం చదువుతానంటాడు, 354 అంటుంది, కానివ్వమని. ఉత్తరమంతా చదివేశాక ఒక వరుసలో ఒకే ఒక్క చుక్క పెడతాడు. ఆ చుక్కే ముగింపు. అప్పుడు మన సర్వర్ చివరి 250 చెప్పి, దాంతోపాటు తన క్యూ నంబరు కూడా సాధారణంగా చెబుతుంది. అదే ఎల్‌ఆర్ నంబరు.

అవతలి కంపెనీ కుర్రాడు తన లాగ్‌లోంచి ఆ నంబరు తీసి, "అన్నా, మీ సర్వరే తీసుకుంది, ఇదిగో మీరిచ్చిన నంబరు" అన్నాడంటే వాదనకు తావు లేదు. ఇక వెతకాల్సింది మన ఇంట్లోనే. వాడి లాగ్‌లో ఆ చివరి 250 లేదంటే మెయిల్ ఇంకా వాడి గుమ్మం దాటలేదు. రెండు కంపెనీల వాళ్లు పొద్దంతా ఫోన్లో ఒకర్నొకరు నిందించుకునే బదులు ఈ ఒక్క నంబరు అడిగి పుచ్చుకుంటే సరిపోతుంది.

సర్వర్ కాదన్నప్పుడు కూడా ఊరికే కాదనదు. దాని జవాబు 4తో మొదలైతే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. 5తో మొదలైతే "ఇక రావద్దు" అని. ఈ తేడా తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. 4 అని చెప్పించుకున్న సర్వర్ మెయిల్‌ను క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించమని నియమాలు చెబుతున్నాయి. పోస్ట్‌ఫిక్స్ అనే సర్వర్ మామూలుగా 5 రోజులు చూస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్‌కు ఓపిక తక్కువ, 2 రోజులే. కొన్ని సర్వర్లు కొత్త ముఖం కనపడితే కావాలనే మొదటిసారి 4 చెప్పి పంపేస్తాయి. నిజమైన సర్వరైతే మళ్లీ వస్తుంది. స్పామ్ చల్లే దొంగ ప్రోగ్రాములకు తిరిగి వచ్చే ఓపిక ఉండదని ఆ ఉపాయం. కొత్త పార్టీ నుంచి తొలి మెయిల్ అరగంట ఆలస్యమైతే ఒక్కోసారి కారణం ఇదే. అరగంటకే సర్వర్ సెట్టింగులు కెలికే మహానుభావుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చిన మెయిల్‌ను మనవాళ్లు చదవరు. పైన "మెయిలర్ డెమన్" అని ఉంటుంది, ఇదేదో వైరస్ అనుకుని డిలీట్ చేసేస్తారు. నన్నడిగితే ఆఫీసులో అందరూ భద్రంగా దాచుకోవాల్సిన మెయిల్ అదొక్కటే. మధ్యలో ఎక్కడో చుక్కలతో మూడంకెలు ఉంటాయి. 5.1.1 అంటే ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని. అడ్రస్ తప్పు రాసైనా ఉండాలి, ఆయన ఉద్యోగం మానేసైనా ఉండాలి. 5.2.2 అంటే పెట్టె నిండిపోయిందని. 5.3.4 అంటే మెయిల్ మరీ బరువుగా ఉందని. 5.7తో మొదలైతే మీ మీద నమ్మకం లేదని. దాని కథ తర్వాత చెబుతాను. ఫిర్యాదు చేసేవాళ్లు ఆ తిరుగు మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే చాలు. స్క్రీన్‌ను ఫోన్లో ఫొటో తీసి, అందులోనూ కింద సగం వదిలేసి వాట్సాప్‌లో పంపుతారు. అసలు సంగతి ఆ కింది సగంలోనే ఉంటుంది.

బరువు మాట వచ్చింది గనక ఒక చిక్కు చెబుతాను. డ్రాయింగ్ ఆఫీసు ఇంజనీరు 20 ఎంబీ ఫైలు పంపుతాడు. 25 ఎంబీ దాకా వెళ్లొచ్చని చెప్పారుగా, ఎందుకు తిరిగొచ్చింది అని దెబ్బలాటకు వస్తాడు. ఆయన లెక్కా తప్పు కాదు, సర్వర్ లెక్కా తప్పు కాదు. 1982 నాటి మెయిల్‌కు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప మరేవీ మోయడం తెలియదు. అందుకే బొమ్మైనా, డ్రాయింగైనా, పీడీఎఫైనా ముందు మామూలు అక్షరాల్లోకి మార్చి పంపాలి. ఆ మార్పిడిలో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. 20 ఎంబీ ఫైలు దారిలో దాదాపు 27 అవుతుంది. పెద్ద ఫైళ్లను మెయిల్లో కాకుండా లింకుగా పంపమని చెప్పేది ఇందుకే.

మన తెలుగూ ఈ లెక్కకు లోబడిందే. "తెలుగు" అని సబ్జెక్టులో రాస్తే మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు. ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. దారిలో వెళ్లేటప్పుడు అవే 24 ఇంగ్లీషు అక్షరాలు. ఏ సంకేత పద్ధతిలో రాశామో ఆ మెయిల్ పైన చెప్పి పంపితే అవతల మళ్లీ తెలుగుగా విప్పుకుంటారు. చెప్పకుండా పంపితే పిచ్చి గీతలు కనపడతాయి. అవైనా నయం, ఒక్కోసారి వెనక్కి మార్చుకోవచ్చు. ప్రశ్నార్థకాల వరుస కనపడిందంటే మాత్రం అక్షరాలు దారిలోనే పోయాయి, ఇక రావు. అలాంటప్పుడు సర్వర్‌ను అనుమానించే ముందు ఆ మెయిల్ ఏ ప్రోగ్రామ్‌లోంచి బయల్దేరిందో చూడాలి. ఏనాటిదో బిల్లింగ్ సాఫ్ట్‌వేరై ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెయిల్ అడ్రసే తెలుగులో పెట్టుకునే వీలు కూడా ఇప్పుడుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్లు ఉన్నాయి, అలాంటి అడ్రసులు మోసే పద్ధతికి 2012లోనే నియమాలు వచ్చాయి. కానీ దారిలో ఒక్క సర్వర్‌కు ఆ పద్ధతి రాకపోయినా మెయిల్ తిరిగొస్తుంది. ముచ్చటపడి పెట్టుకోండి, తప్పు లేదు. పక్కన ఇంగ్లీషు అడ్రసు కూడా ఉంచుకోండి.

లాగ్ చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు 2022 జనవరి 1 నాటి ఉదంతం చెబుతుంటాను. ఆ రోజు శనివారం, పైగా కొత్త సంవత్సరం. సొంత ఆఫీసుల్లో ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లు నడుపుకుంటున్న సంస్థల్లో, దేశం ఏదైనా సరే, మెయిళ్లు నిలిచిపోయాయి. అవతలికి చేరలేదు, వెనక్కీ రాలేదు. సర్వర్ నడుస్తోంది, నెట్ ఉంది, డిస్కులో చోటుంది, పాస్‌వర్డులు పనిచేస్తున్నాయి. క్యూ మాత్రం పెరుగుతూ పోతోంది. ఈ ఏడాది శుభాకాంక్షలు ఎవరూ పంపలేదని చిన్నబుచ్చుకున్నవాళ్లు కూడా ఉండే ఉంటారు.

సర్వర్ మాత్రం తన ఈవెంట్ లాగ్‌లో ఒక మాట రాసి పెట్టింది. వైరస్ వెతికే ఇంజన్ లేవడం లేదు, 2201010001 అన్న దాన్ని సంఖ్యగా మార్చుకోలేకపోతోంది అని దాని సారాంశం. ఆ సంఖ్యను ఒకసారి నిదానంగా చూడండి. ముందు 22, అంటే సంవత్సరం. తర్వాత 01, నెల. మళ్లీ 01, తేదీ. ఆపైన నాలుగంకెల వరుస సంఖ్య. వైరస్‌ల సమాచారం కొత్తది వచ్చినప్పుడల్లా దానికి తేదీతో ఇలా నంబరు ఇస్తారు. ఆ నంబరును దాచుకోవడానికి ప్రోగ్రామ్ రాసినవాళ్లు కేటాయించిన చోటు 32 బిట్లు. ప్లస్సు, మైనస్సు గుర్తుతో కలిపి అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. నంబరు 21తో మొదలైనన్నాళ్లూ, అంటే 2021 డిసెంబర్ 31 దాకా, ఏ ఇబ్బందీ రాలేదు. 22 అనేసరికి పట్టలేదు. వైరస్ ఇంజన్ కుప్పకూలింది. అది చూసి పంపితే తప్ప మెయిల్ ముందుకు కదలదు గనక అన్నీ ఆగిపోయాయి.

సర్వర్‌ను రీస్టార్ట్ చేసినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. రీస్టార్ట్ చేస్తే తేదీ మారదు కదా! మెయిల్ దారిలోంచి వైరస్ తనిఖీని తాత్కాలికంగా తప్పిస్తే క్యూ కదిలింది, కానీ అది కాపలా తీసేసి తలుపు తెరవడమే. ఒకటి రెండు రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఒక స్క్రిప్ట్ ఇచ్చింది, ఒక్కో సర్వర్ మీదా దాన్ని నడపాలి. ఆ మరమ్మతు తర్వాత వైరస్ ఇంజన్‌కు పెట్టిన కొత్త నంబరు ఏమిటో తెలుసా? 2112330001. అంటే 2021 డిసెంబర్ 33వ తేదీ! లేని తేదీ సృష్టించి గండం గట్టెక్కారు. మన పంచాంగకర్తలు ఏమంటారో గానీ, పనైతే జరిగింది. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, అంత పెద్ద చిక్కుకు కారణం మొదటి నిమిషం నుంచీ లాగ్‌లో ఒక్క వాక్యంలో ఉంది. తేదీ కనపడుతూనే ఉంది.

అంతటి విచిత్రాలు రోజూ జరగవు. రోజువారీ గొడవ డిస్కు నిండిపోవడం. ఎక్స్ఛేంజ్ పద్ధతి ఇలా ఉంటుంది: వచ్చే ప్రతి మార్పునూ ముందు ఒక లాగ్ ఫైల్లో రాస్తుంది, తర్వాతే అసలు డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. ఈ లాగ్ ఫైలు ఒక్కోటి 1 ఎంబీ. ఇందాక చెప్పిన లాగ్ వేరు, ఇది వేరు. ఇది సర్వర్ ప్రాణం. బ్యాకప్ సక్రమంగా పూర్తయితే పాతవాటిని అదే తుడిచేసుకుంటుంది. బ్యాకప్ పూర్తి కాకపోతే తుడవదు, తుడవకూడదు కూడా. శుక్రవారం రాత్రి బ్యాకప్ ఎందుకో ఆగిపోతుంది. ఆగినట్టు ఒక మెయిల్ వస్తుంది, దాన్ని ఎవరూ తెరవరు. శని, ఆదివారాల్లో ఫైళ్లు పేరుకుంటాయి. డిస్కులో చోటు తగ్గేకొద్దీ సర్వర్ ముందు బయటి మెయిళ్లు తీసుకోవడం మానేసి "452, వనరులు చాలవు" అని తిప్పి పంపుతుంది. అది 4తో మొదలైంది, గమనించారా? అంటే అవతలివాళ్ల మెయిళ్లు క్యూలో భద్రంగా ఉన్నాయి, కంగారు లేదు. చోటు పూర్తిగా అయిపోతే మాత్రం డేటాబేసే మూతపడుతుంది.

సోమవారం పొద్దున్న ఎండీ గారి ఫోన్. ఇక్కడే గోరుచుట్టు మీద రోకటి పోటు పడుతుంది. ఎవరో ఉత్సాహవంతుడు ఆ ఫోల్డర్ తెరిచి, వేల కొద్దీ ఫైళ్లు చూసి, "ఇవన్నీ పాత చెత్త" అని చేత్తో డిలీట్ చేసేస్తాడు. అందులో ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కని ఫైలు ఒక్కటున్నా చాలు, డేటాబేస్ తెరుచుకోనని మొండికేస్తుంది. రెండు గంటల్లో తేలే పని రెండు రోజులవుతుంది. వాటిని చేత్తో తుడవకండి. డిస్కుకు చోటు పెంచండి, లేదా ఇంకో డిస్కుకు మార్చండి, బ్యాకప్ పూర్తి చేయించండి. మెయిల్ అడ్మిన్ పనితనం ఏమిటో తెలియాలంటే అతని సర్వర్ ఎంత వేగంగా ఉందని అడగకండి. నిన్నటి బ్యాకప్ పూర్తయిందా అని అడగండి. దాన్ని ఎప్పుడైనా వెనక్కి తెచ్చి చూశావా అని కూడా అడగండి.

ఇక ఆ నమ్మకం కథ. మనం పంపిన కొటేషన్ పార్టీ స్పామ్‌లో పడింది. తప్పు మన సర్వర్‌ది కాదు, అతని సర్వర్‌దీ కాదు. మెయిల్ పుట్టిన రోజుల్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే గనక, పేరు చెబితే నమ్మేవారు. ఎవరైనా మీ పేరు చెప్పుకుని మెయిల్ వేయొచ్చు, ఇవాళ్టికీ అంతే. దానికి విరుగుడుగా మన డొమైన్ వివరాలు అందరికీ చెప్పే డీఎన్‌ఎస్ అనే చిట్టాలో కొన్ని వరుసలు రాసి పెడతాం. ఎస్‌పీఎఫ్ అంటే మా మెయిళ్లు ఫలానా సర్వర్ల నుంచే వస్తాయని చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా వేసే ముద్ర. డీమార్క్ అంటే ఈ రెండూ కుదరని మెయిల్ వస్తే ఏం చెయ్యాలో అవతలివాళ్లకు మనమిచ్చే సూచన. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ వీటి విషయంలో పట్టుబట్టి కూర్చున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ ఉండి తీరాలి, స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటే. కంపెనీ కొత్తగా జీతాల చీటీలు పంపే సేవ కొంటుంది. ఆ సేవ వాళ్లు ఒక ఎస్‌పీఎఫ్ వరుస ఇచ్చి పెట్టుకోమంటారు. మనవాడు పాతదాని కింద దీన్ని రెండో వరుసగా పెడతాడు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. పాతది కూడా పోయినట్టే! కొత్త సర్వర్ పేరును పాత వరుసలోనే చేర్చాలి, అదీ డీఎన్‌ఎస్‌లో పదిసార్లకు మించి వెతికే పని పెట్టకుండా. నిన్నటిదాకా బాగానే వెళ్లిన మెయిళ్లు ఇవాళ స్పామ్‌లో పడుతున్నాయంటే, నిన్న డీఎన్‌ఎస్‌లో ఎవరు ఏం మార్చారో ముందు వాకబు చెయ్యండి.

ఇక రాత్రిపూట జరిగే దొంగతనాలు. స్టోర్స్‌లో ఎవరిదో పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన 123. బయటివాడు దాన్ని కనిపెట్టి తెల్లారేలోగా మన సర్వర్ మీదుగా వేలకొద్దీ చెత్త మెయిళ్లు చల్లుతాడు. పొద్దున్నకు మన ఐపీ నంబరు స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో ఎక్కుతుంది, మనం ఏం పంపినా 5 చెప్పి తిప్పుతారు. అప్పుడు చాలామంది ముందుగా చేసే పని, జాబితాలోంచి మా పేరు తీసెయ్యండి బాబోయ్ అని అర్జీ పెట్టుకోవడం. అది ఆఖర్న చెయ్యాల్సిన పని. ముందు పాస్‌వర్డ్ మార్చాలి, ఆ ఖాతాతో తెరిచి ఉన్న సెషన్లన్నీ తెంచాలి, క్యూలో మిగిలిన చెత్త ఊడ్చాలి. ఇవేవీ చెయ్యకుండా పేరు తీయిస్తే సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది, రెండోసారి తీయించడం కష్టం.

ఇలా గోల చేసే దొంగే నయం. చప్పుడు చెయ్యని దొంగతోనే ముప్పు. వాడు ఎక్స్‌పోర్ట్ సెక్షన్ వాళ్ల పాస్‌వర్డ్ సంపాదించి ఏమీ పంపడు. వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. ఎవరికి ఎంత బిల్లు వేశారు, డబ్బు ఎప్పుడు రావాలి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, అన్నీ నేర్చుకుంటాడు. మెయిల్ పెట్టెలో ఒక రూల్ పెడతాడు: "పేమెంట్" అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఫోల్డర్లోకి పోవాలని. తర్వాత సరైన రోజు చూసి విదేశీ పార్టీకి రాస్తాడు, మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వెయ్యండి అని. పార్టీ అనుమానమొచ్చి తిరిగి అడిగినా ఆ మెయిల్ మనవాళ్ల కంటపడదు, రూల్ మింగేస్తుంది. ఒక్కోసారి మన డొమైన్ లాంటిదే ఇంకోటి కొంటాడు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన రాస్తే చూపుకు ఎమ్‌లాగే ఉంటుంది. ఇది చిన్న కంపెనీలకే జరుగుతుందనుకోకండి. 2013 నుంచి 2015 దాకా లిథువేనియాకు చెందిన ఒకడు, తైవాన్ హార్డ్‌వేర్ కంపెనీ పేరుతోనే లాత్వియాలో ఒక కంపెనీ పెట్టి, దొంగ బిల్లులు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల దగ్గర 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019 డిసెంబర్‌లో న్యూయార్క్ కోర్టు అతనికి 5 ఏళ్ల జైలు వేసింది.

అందుకే "మెయిల్ రాలేదండీ" అన్న ఫిర్యాదు ఎక్స్‌పోర్ట్ వాళ్ల దగ్గర్నుంచో అకౌంట్స్ వాళ్ల దగ్గర్నుంచో వస్తే నేను ముందు చూసేది సర్వర్‌ను కాదు, వాళ్ల పెట్టెలో ఉన్న రూల్స్‌ను, వాళ్ల లాగిన్ల చరిత్రను. హైదరాబాద్‌లో పనిచేసే మనిషి అర్ధరాత్రి రెండు గంటలకు ఎక్కడో ఖండాంతరం నుంచి లాగిన్ అయ్యాడంటే సంగతి అర్థమైనట్టే. ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర పాతకాలం నుంచి ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. డబ్బు ఇప్పటికే వెళ్లిపోతే ఆలోచిస్తూ కూర్చోకుండా బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకూ వెంటనే చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ప్రభుత్వ నియమం కూడా ఒకటుంది, చాలా కంపెనీల యజమానులకు తెలియదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి చొరబాట్లు తెలిసిన 6 గంటల్లోపు వారికి తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజుల పాటు దాచి ఉంచాలి. సర్వర్ గడియారాలు ప్రభుత్వ కాలసర్వర్లతో కలిపి ఉంచాలి. గడియారం మాట చిన్నదిగా తోస్తుంది గానీ, ప్రతి మెయిల్ పైభాగంలోనూ అది దాటివచ్చిన సర్వర్ల పేర్లు, వేళలు ఉంటాయి. కింద నుంచి పైకి చదవాలి వాటిని. ఒక సర్వర్ గడియారం పది నిమిషాలు వెనక ఉందంటే, మెయిల్ పంపకముందే చేరినట్టు కనపడుతుంది. అలాంటి లాగ్‌ను పోలీసులకు ఏం చూపిస్తాం?

ఇంత బాధ పడుతూ చిన్న కంపెనీ సొంత సర్వర్ పెట్టుకోవాలా అని అడుగుతారు. నా మాట సూటిగా చెబుతాను: వద్దు. రాత్రి పగలు చూసుకునే మనిషిని పెట్టుకోగలిగితే సరే, లేకపోతే అద్దె సేవే మేలు. ఎక్స్ఛేంజ్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వాటిని ఇంకా అలాగే నడుపుతున్నవాళ్లు తెలిసి తెలిసి ముప్పు నెత్తిన పెట్టుకున్నట్టే. అయితే అద్దెకు తీసుకుంటే సర్వర్ గొడవ వదులుతుందే గానీ, పెత్తనం వదలదు. పాస్‌వర్డులు, రెండో తాళంగా ఫోన్‌కు వచ్చే కోడ్, మానేసిన ఉద్యోగుల ఖాతాలు మూయడం, డీఎన్‌ఎస్ వరుసలు, ఇవన్నీ అప్పుడూ మీవే.

చివరిగా ఒక పని చెబుతాను, దీనికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు, యజమానే చేసుకోవచ్చు. మీ కంపెనీ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? చాలా చోట్ల అది ఎప్పుడో వెబ్‌సైట్ చేసిచ్చి వెళ్లిపోయిన కుర్రాడి పేరు మీద, అతని ఫోన్ నంబరు మీద ఉంటుంది. గడువు ముగుస్తోందని హెచ్చరికలు అతనికి వెళ్తాయి. డబ్బు కట్టకపోతే డొమైన్ ఆగిపోతుంది, దాంతోపాటే కంపెనీలో ప్రతి మెయిల్ అడ్రసూ ఆగిపోతుంది. రేపు ఆఫీసుకు వెళ్లగానే డొమైన్ ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో రాయించి తెప్పించుకోండి. మీ పేరుకు, మీ నంబరుకు మార్పించుకోండి. అక్కడ ఇచ్చే మెయిల్ అడ్రసు మాత్రం అదే డొమైన్‌ది కాకుండా చూడండి. డొమైన్ ఆగిననాడు హెచ్చరిక చేరాల్సింది అక్కడికే.